పోస్టింగులు వేసే చెయ్యి

నర్సింగ్ కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్ గది గోడకు ఒక పెద్ద చార్టు వేలాడుతూ ఉంటుంది. పైన అడ్డంగా వారాలు, పక్కన నిలువుగా గ్రూపులు, మధ్యలో వందల గడులు. వార్డుకు ఒక రంగు, ఆపరేషన్ థియేటరుకు ఒకటి, కమ్యూనిటీకి ఒకటి, పరీక్షలకు ఎరుపు. దాని పేరు మాస్టర్ రొటేషన్ ప్లాన్. అంత పేరు పెట్టి పిలిచేది ఇన్‌స్పెక్షన్ రోజునే. మిగతా రోజుల్లో ‘పోస్టింగులు వేశారా మేడం?’ అంటే సరిపోతుంది. విద్యార్థులకు అందులో కావలసినవి రెండే సంగతులు: వచ్చే వారం తమ గ్రూపు ఎక్కడ, నైట్ డ్యూటీ పండక్కి ముందా వెనకా.

చార్టు మీద వేసినవాళ్ల పేరు ఉండదు. సంతకమంటూ ఉంటే ప్రిన్సిపాల్‌ది ఉంటుంది. వేసేది మాత్రం ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, ఊళ్లో ప్రతి వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌తోనూ మొహమాటం లేని చనువున్న టీచరమ్మ. మన దగ్గర జరుగుతున్న మంచి మెదడు పనుల్లో ఇదొకటని నా అభిప్రాయం. డాక్టర్ల నైపుణ్యం గురించి బోలెడు రాసుకున్నాం, నర్సుల సేవ గురించీ రాసుకున్నాం. నర్సును తయారుచేసే ఈ గడుల చార్టును మాత్రం ఎవరూ దగ్గరికెళ్లి చదివినట్టు లేదు.

చదవాలంటే ముందు దాని కట్టుబాట్లు తెలియాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ సిలబస్‌లో చదువు 8 సెమిస్టర్లు. చివరిది తప్ప సెమిస్టరుకు 20 వారాలు, వారానికి 40 గంటలు. థియరీలో ఒక క్రెడిట్ అంటే 20 గంటలు, ల్యాబులో 40, క్లినికల్‌లో 80. థియరీకి 80 శాతం హాజరుంటే పరీక్షకు కూర్చోనిస్తారు. క్లినికల్ గంటలు మాత్రం పట్టా చేతికొచ్చేలోగా నూటికి నూరు శాతం పూర్తి కావాలి. జ్వరమొచ్చి పోయిన మూడు రోజులైనా, అక్క పెళ్లికి పోయిన నాలుగు రోజులైనా మళ్లీ డ్యూటీ చేసి తీర్చాల్సిందే. వార్డులో పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలి. అనుబంధ ఆసుపత్రి మరీ దూరం కాకూడదు. మంచాలు వేసి ఉంటే చాలదు, వాటిలో నాలుగింట మూడొంతులు రోగులతో నిండి ఉండాలి.

ఈ కట్టుబాట్ల మధ్య ఐదో సెమిస్టర్ ఎలా ఒదుగుతుందో చూడండి. ఆ సెమిస్టర్‌లో మూడు చోట్ల డ్యూటీలు ఉంటాయి. పిల్లల నర్సింగ్‌కు 160 గంటలు, మానసిక ఆరోగ్యానికి 80, కమ్యూనిటీకి 160. వారానికి 40 చొప్పున లెక్కేస్తే 4 వారాలు, 2 వారాలు, 4 వారాలు, మొత్తం 10. క్లాసులో 60 మంది ఉన్నారనుకుందాం. ఎవరికైనా మొదట తోచేది మూడు గ్రూపులు చేసి మూడు దిక్కులకు పంపడమే. అది నడవదు. మూడు గ్రూపులూ ఒకదాని తర్వాత ఒకటి పిల్లల వార్డుకు వెళ్లి రావాలంటే నాలుగేసి వారాల చొప్పున 12 కావాలి. చేతిలో ఉన్నవి 10. అంటే ఏవో రెండు వారాలు రెండు గ్రూపులు ఒకేసారి, 40 మంది, పసిబిడ్డలున్న వార్డు మీద పడతారు. కమ్యూనిటీ దగ్గరా ఇదే తంటా.

చేయి తిరిగిన టీచర్ ఇక్కడ గ్రూపుల జోలికి పోదు, పోస్టింగుల్ని చిన్న ముక్కలు చేస్తుంది. పిల్లల నాలుగు వారాల్లో రెండు మెడికల్ వార్డుకు, రెండు సర్జికల్ వార్డుకూ ఓపీకీ కలిపి. కమ్యూనిటీ నాలుగులో రెండు బస్తీకి, రెండు పల్లెకు. సైకియాట్రీ ఎటూ రెండే. ఇప్పుడు ఐదు చోట్లు తేలాయి, అన్నీ రెండేసి వారాలవే. ఐదు గ్రూపులు చేస్తే ఎవరి దారికి ఎవరూ అడ్డురారు. కానీ 60 మందిని ఐదుగా పంచితే గ్రూపుకు 12 మంది, టీచరుకు పదిమందే అన్న నియమం దెబ్బతింటుంది. పోనీ ఆరు గ్రూపులు చేద్దామంటే ఆరో గ్రూపును ఎక్కడికి పంపాలి?

ల్యాబుకు. ఆ సెమిస్టర్‌లోనే పిల్లల నర్సింగ్ ల్యాబు 40 గంటలు, నర్సింగ్ ఎడ్యుకేషన్ ల్యాబు 40 గంటలు ఉన్నాయి. కలిపితే 80, అంటే కచ్చితంగా రెండు వారాలు. బొమ్మ పసిపాప మీద ఊపిరి పోయడం నేర్చుకోవాలన్నా, పిల్లలకు మందు మోతాదు కట్టడం నేర్చుకోవాలన్నా చుట్టూ పదిమందికి మించి ఉండకూడదు కూడా. ఆరు గ్రూపులు, ఆరు చోట్లు, 12 వారాలు. థియరీ 280 గంటలు, అంటే మరో 7 వారాలు. మొత్తం 19. మిగిలిన ఒక్క వారంలో సొంత చదువు, కాలేజీ కార్యక్రమాలు, బాకీ పడ్డవాళ్ల మేకప్ డ్యూటీలు సర్దుకోవాలి. సిలబస్ రాసినవాళ్లు ఈ పొందికను ముందే ఊహించారో లేదో గానీ, ఆ అంకెల్లోంచి దీన్ని తవ్వి తీసిన చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

గడులు నిండినంత మాత్రాన పని అయిపోలేదు. నర్సింగ్ చదువులో సులువైనది ముందు, కష్టమైనది తర్వాత అన్నది పాత సూత్రం. ల్యాబులో బొమ్మ మీద చేసిన తర్వాతే వార్డులో బిడ్డ మీద చెయ్యి వేయాలి. మరి గ్రూపులు చక్రంలా తిరుగుతుంటే ఎవరో ఒకరు తప్పకుండా వార్డుతోనే మొదలుపెడతారు. ల్యాబు, పిల్లల మెడికల్, పిల్లల సర్జికల్, బస్తీ, పల్లె, సైకియాట్రీ అన్న వరసలో తిప్పారనుకోండి. ఆరింటిలో నాలుగు గ్రూపులకు ల్యాబు పిల్లల వార్డు కన్నా ముందే వస్తుంది. మెడికల్ వార్డుతో మొదలైన గ్రూపుకు అది చిట్టచివర్లో, సర్జికల్ వార్డుతో మొదలైన గ్రూపుకు ఐదో వంతులో వస్తుంది. కాలువ కింద వారబందీలో చివరి తూము రైతుకు తెలిసిన బాధే ఇది: అందరికీ నీళ్లు సమానమే, ఎవరి వంతు ఎప్పుడొచ్చిందన్న దగ్గరే పంట తేడా.

లెక్కతో ఇది తీరదు కాబట్టి టీచర్ మరో దారి వెతుక్కోవాలి. తెలివైన చార్టులో మొదటి మూడు వారాలు థియరీకే కేటాయించి ఉంటాయి. ఆ మూడో వారం సాయంత్రాల్లో ఆ రెండు గ్రూపుల పేర్లకు మాత్రమే చిన్న పెన్సిల్ గుర్తు కనిపిస్తుంది. ఆ ఇరవై మందికి పిల్లల కొలతలు, ఉష్ణోగ్రత, మందు లెక్క, చేతుల శుభ్రత ల్యాబులో ముందుగానే చూపిస్తారు. తర్వాత వాళ్ల వంతు ల్యాబు వచ్చినప్పుడు అది పునశ్చరణ అవుతుంది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు ఆ పెన్సిల్ గుర్తులు గమనించరు. నాకైతే చార్టు మొత్తంలో అన్నిటికన్నా నచ్చేవి అవే.

ఇన్ని చేసినా చార్టు మొదలయ్యేది కాలేజీ ఇష్టప్రకారం కాదు. కదలని తేదీలు ముందు గీయాలి. వాటిలో మొండిది సైకియాట్రీ. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ ఉన్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల మీద చుట్టుపక్కల జిల్లాల కాలేజీలెన్నో ఆధారపడతాయి. అక్కడ ఎప్పుడు చోటుందో ఆ తేదీలే ఖాయం. దూరపు జిల్లా నుంచి పిల్లల్ని తీసుకెళ్లి బస పెట్టాలంటే ఆరు సార్లు ఆరు గ్రూపుల్ని తిప్పడం అయ్యే పని కాదు. బ్యాచు బ్యాచంతా లేదా సగం బ్యాచు ఒకేసారి సర్దుకుని బయల్దేరుతుంది, వెంట ఇద్దరు ముగ్గురు టీచర్లు. అప్పుడు నేను పైన చెప్పిన అందమైన చక్రం మధ్యలో తెగిపోతుంది. తెగినచోట మళ్లీ అతకడమే జిల్లా కాలేజీ కోఆర్డినేటర్ పని. నగరంలో ఉన్నవాళ్లకు ఆ కష్టం తెలియదు.

నగరం సంగతి వేరు. హైదరాబాద్‌లో రోగాన్ని బట్టి పేటలు పంచుకున్నట్టుంటుంది. పిల్లలకు నిలోఫర్, కాన్పులకు పేట్లబురుజు, కోఠి, కంటికి మెహదీపట్నంలో సరోజినీదేవి, క్యాన్సర్‌కు రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, అంటురోగాలకు నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి, ఛాతీకి, మనసుకు ఎర్రగడ్డ. ఒకే చోట అన్నీ ఉన్న పెద్దాసుపత్రిలో నేర్చుకునే దానికన్నా ఇక్కడ కేసుల వైవిధ్యం ఎక్కువ. బస్సు గొడవా ఎక్కువే. ఉదయం డ్యూటీకి పిల్లల్ని నాలుగు దిక్కుల్లో దింపాల్సిన కాలేజీ బస్సు రూటు కూడా చార్టు వేసేవాళ్ల నెత్తినే పడుతుంది. పక్కపక్క ఆసుపత్రుల పోస్టింగుల్ని ఒకే వారంలో పెట్టడం పైకి ఏదో యాదృచ్ఛికంలా ఉంటుంది. అది డీజిల్ లెక్క.

కమ్యూనిటీ గడుల్లో ఇంకో సున్నితం ఉంది. పల్లె పోస్టింగులో నేర్చుకోవాల్సినవి వారంలో అన్ని రోజులూ దొరకవు. మన ఉపకేంద్రాల్లో, ఊళ్లలో టీకాలు వేసేది సాధారణంగా బుధ, శనివారాల్లో. గర్భిణుల ప్రత్యేక పరీక్షలు, 2016లో మొదలైన కేంద్ర పథకం ప్రకారం, ప్రతి నెలా 9వ తేదీన. రెండు వారాల గడిలో బుధ, శనివారాలు ఎటూ నాలుగు పడతాయి. 9వ తేదీ మాత్రం అందరికీ పడదు. అది పడని గ్రూపు పల్లెకు వెళ్లి ఇంటింటి సర్వే చేసి, ఫ్యామిలీ ఫోల్డర్ రాసి, కమ్యూనిటీ బ్యాగు విప్పి మళ్లీ సర్ది వచ్చేస్తుంది. పీహెచ్‌సీలో బారులు తీరిన గర్భిణులను చూడదు. మంచి చార్టులో ఆ గ్రూపు మరెక్కడున్నా సరే, 9వ తేదీ గడిలో చిన్న అక్షరాలతో ‘పీహెచ్‌సీ’ అని రాసి ఉంటుంది. సెలవు రోజు ఇది పడితే పక్క రోజుకు బాణం గుర్తు.

లేబర్ రూమ్ దగ్గర ఇంత పకడ్బందీ చార్టూ చేతులెత్తేస్తుంది. కాన్పులు గడుల ప్రకారం రావు. పాత సిలబస్‌లో ఒక్కో విద్యార్థి 20 మామూలు కాన్పులు చేయాలన్న లెక్క ఉండేది, ఒక్కొక్కటీ రికార్డుకెక్కి టీచర్ సంతకం పడాలి. ఆ మామూలు కాన్పులే మన దగ్గర కరువు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు దేశం మొత్తం మీద 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. సిజేరియన్ల వల్ల తల్లులకు ఏమవుతుందో చర్చించారు గానీ, మంత్రసాని పని నేర్చుకోవాల్సిన పిల్లకు చేతికి కేసే దొరకదన్నది ఎవరికి పట్టింది? కార్పొరేట్ ఆసుపత్రిలో మిడ్‌వైఫరీ పోస్టింగు వేసిన కాలేజీ విద్యార్థులకు ఆపరేషన్లు చూపించగలదు, కాన్పు చేయించలేదు. అందుకే ఎరిగిన కోఆర్డినేటర్లు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల కోసం, మండల స్థాయి ఆసుపత్రుల కోసం అర్జీలు పట్టుకు తిరుగుతారు. రాత్రి డ్యూటీలు ఎక్కువ వేస్తారు. పదిమంది గ్రూపును ఇద్దరేసి చొప్పున విడదీసి, నొప్పులతో వచ్చిన తల్లికి ఒక జంటే మొదటి నుంచి బిడ్డను పొడిగా తుడిచి తల్లి ఎదమీద పెట్టేదాకా ఉండేలా చూస్తారు. పదిమందీ మంచం చుట్టూ మూగితే ఎవరికీ కాన్పు వచ్చినట్టు కాదు, ఆ తల్లికి మానమూ మిగలదు.

చార్టు పని గోడ దగ్గర ముగిశాక వార్డులో రెండో పని మొదలవుతుంది. దీన్ని ఏ ఇన్‌స్పెక్షన్ కమిటీ చూడదు. క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థుల కన్నా అరగంట ముందే వార్డుకు వస్తుంది. రాత్రి రిపోర్టు చదువుతుంది, మంచాల మధ్య ఒకసారి నడుస్తుంది. ఆ నడకలో ఎవరిని ఎవరికి అప్పగించాలో తేలిపోతుంది. కొత్తగా వార్డుకొచ్చిన పిల్లకు కోలుకుంటున్న, నాలుగు మాటలు మాట్లాడే పేషెంటు. వెంట ఉన్న అటెండెంటు ఓపికస్తురాలైతే మరీ మంచిది. కాలికి పుండు పడ్డ షుగర్ రోగి దొరికితే టీచరుకు పండగే: డ్రెస్సింగు, రక్తంలో చక్కెర చూడటం, ఇన్సులిన్, ఆహారం, ఇంటికెళ్లాక చెప్పులెలా వేసుకోవాలో భార్యకు చెప్పడం, అన్నీ ఒక్క మంచం దగ్గరే ఉన్నాయి. ఆ పేషెంటును ఒకే విద్యార్థికి నాలుగైదు రోజులు వదలకుండా ఉంచుతుంది, కేస్ స్టడీ రాయాలంటే మార్పు కళ్లతో చూడాలి కదా. అదే పేషెంటును మరో ఇద్దరు కేస్ హిస్టరీ అడగకుండా కాపాడుతుంది కూడా. రాత్రికి రాత్రి తన పేషెంటు చనిపోయిన పిల్లకు మర్నాడు పొద్దున్నే ఖాళీ మంచం ఎదురుగా డ్యూటీ వేయదు. వార్డు అటు చివరికి మారుస్తుంది, ఆ మారుస్తున్న కారణం ఎవరికీ చెప్పదు.

వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ఇంకో లెక్క ఉంటుంది. స్టాఫ్ ఇద్దరే, మంచాలు నలభై, నేల మీద పరుపులు వేరు. ఆవిడకు కావాల్సింది బీపీలు ఒకరు చూసి, మంచాలు ఒకరు సర్ది, ఇంజెక్షన్లు ఒకరు ఎక్కిస్తే పని త్వరగా తెమలడం. టీచరుకు కావాల్సింది ఒక విద్యార్థి ఒక మనిషిని మొత్తంగా చూసుకోవడం. ఇద్దరిదీ న్యాయమే. మంచి టీచర్ పొద్దున మొదటి గంట పిల్లల్ని సిస్టర్‌కు అప్పజెబుతుంది: పక్కలు మార్చడం, వైటల్స్ చూడటం, ఇన్‌టేక్–ఔట్‌పుట్ చార్టులు నింపడం. తొమ్మిదయ్యాక వాళ్లు తన పిల్లలు. ఈ ఒప్పందం ఏ ఎంఓయూలోనూ ఉండదు. ‘సిస్టర్, ఈ పిల్ల కెథటర్ పెట్టడం ఇంకా చూడలేదు, కేసు వస్తే పిలవరా?’ అని అడిగే చనువు మీద నడుస్తుంది.

ఈ లాగుడు పాతదే. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ నిధితో మొదలైన బడిలో కూడా ప్రొబేషనర్లు వార్డు చాకిరీ చేస్తూనే నేర్చుకున్నారు. మన ఆసుపత్రులకు అనుబంధంగా పెరిగిన నర్సింగ్ స్కూళ్లూ ఆ దారిలోనే నడిచాయి. స్టాఫ్ కొరత ఉన్నచోట విద్యార్థులే స్టాఫ్ అయిపోవడం ఇప్పటికీ చూస్తాం. అందుకే రొటేషన్ ప్లాన్‌కు ఇంకో అర్థం కూడా ఉందని నేననుకుంటాను: విద్యార్థి రెండు వారాలయ్యాక ఆ వార్డు వదిలి వెళ్లిపోతుందని ఆసుపత్రికి రాతపూర్వకంగా చెప్పే కాగితం అది. వదలమని గడి చెబుతోంది కాబట్టి సిస్టర్ వదులుతుంది.

దానికి విరుద్ధమైన జబ్బు మరొకటి ఉంది. చార్టు ముచ్చటగా ఉంటుంది, పిల్లలు మాత్రం కాలేజీలోనే కూర్చుని రికార్డులు కాపీ చేస్తుంటారు. లేదా ఒకే ప్రభుత్వ వార్డుకు ఒకే ఉదయం నాలుగు కాలేజీల యూనిఫారాలు దిగుతాయి. ఒక పేషెంటు బీపీ గంటలో ఐదుసార్లు చూస్తారు, చెమ్మగిల్లిన అతని పక్కబట్ట మాత్రం ఎవరూ మార్చరు. వెంట వచ్చిన టీచర్ సంతకం పెట్టించుకుని క్యాంటీన్‌కు వెళ్లిపోతుంది. పత్రికలో రాసుకునే మెప్పుదల వ్యాసంలో ఇది చెప్పకపోతే, మెచ్చుకున్నదానికి విలువ ఉండదు.

చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో గడులు పెద్దవవుతాయి. 22 వారాలు, వారానికి 48 గంటలు. పెద్దల నర్సింగ్‌కు 6 వారాలు, కమ్యూనిటీ, పిల్లలు, మానసిక ఆరోగ్యం, ప్రసూతి ఒక్కోదానికి 4. అప్పటికి షిఫ్టులు మామూలు స్టాఫ్‌తో పాటే. టీచర్ ఇంకా వెనకే ఉంటుంది గానీ, చెయ్యి పట్టుకోదు. మూడున్నరేళ్లు రెండేసి వారాల ముక్కలుగా నేర్చుకున్నది ఒక్క రాత్రి డ్యూటీలో కలిపి చేయగలరా అన్నది ఇక్కడే తేలుతుంది.

జూన్‌లోనో ఆగస్టులోనో మీ ఇంటి పిల్లనో పిల్లవాణ్నో నర్సింగ్‌లో చేర్చబోతున్నట్టయితే, ఫీజు, హాస్టలు, బస్సు గురించి అడిగిన తర్వాత ఇంకొక్క మాట అడగండి. మాస్టర్ రొటేషన్ ప్లాన్ చూపించమనండి. అందులో పేరున్న ఆసుపత్రికి ఒక ఉదయం మీరే వెళ్లి, ఆ కాలేజీ పిల్లలు వార్డులో నిజంగా ఉన్నారా, వాళ్ల టీచర్ వాళ్ల వెంట మంచం దగ్గర నిలబడి ఉందా చూసి రండి.